జేగంట కాపురమున్న ల్యాప్‌టాప్

మా తాత ల్యాప్‌టాప్ తెరిచే ముందు నెత్తిన బాతిక్ తలపాగా పెట్టుకుంటాడు. మేళంలో కూర్చునేటప్పుడు పెట్టుకునేది, వెనక చిన్న ముడి ఉండేది. ఒంటిమీద చొక్కా లేకపోయినా పర్వాలేదు, తలపాగా మాత్రం ఉండాలి. రెండు చేతులూ జోడించి, "తల్లీ, కాస్త ఇబ్బంది పెడుతున్నా" అని దానికి చెప్పుకుని, అప్పుడు మూత ఎత్తుతాడు.

"నన్ను కట్టుకున్నప్పటినుంచి ఒక్కనాడైనా అంత మర్యాదగా పలకరించాడా నన్ను?" అని వంటింట్లోంచి అమ్మమ్మ అడుగుతుంది. అడిగేది నన్ను. వినాల్సింది తాత.

తాత వింటాడు. విననట్టు ఉంటాడు. ఆ విద్యలో మా స్రాగెన్ జిల్లా మొత్తంమీద ఆయన్ని మించినవాడు లేడు.

ఆయన పేరు సర్జోనో. అమ్మమ్మ పేరు పానియెం. నేను వాళ్ళ కూతురి కూతురిని, వెనింగ్‌ని. బడి నాకు పడలేదు, నేను బడికి పడలేదు, తొమ్మిదో తరగతిలోనే ఇద్దరం రాజీపడి విడిపోయాం. ఇప్పుడు సంతలో ఫోన్ల కవర్లూ చార్జర్లూ అమ్మే కొట్లో కూర్చుంటున్నా. కాబట్టి తాత గురించి రాయడానికి ఊళ్ళో నాకంటే చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ వాళ్ళెవరూ ఆయన తిట్లు రోజూ తినరు.

తాత కుర్రతనంలో మా ఊరి గామెలాన్ మేళంలో బోనాంగ్ వాయించేవాడు. కంచు గిన్నెలు బోర్లించి వరసగా పేర్చి, తాడు చుట్టిన కర్రలతో కొడతారు చూడండి, అది. వాయిద్యాన్ని కాలితో దాటకూడదని, గురువారం సందెవేళ జేగంట ముందు పూలు పెట్టి సాంబ్రాణి వెయ్యాలని, వాయించని రోజుల్లో మంచి బట్ట పరిచి కప్పి ఉంచాలని ఆయనకి వాళ్ళ నాన్న నేర్పాడు. జేగంటలో ఒక పెద్దతల్లి కాపురం ఉంటుంది. కోపం వస్తే మేళం అపశ్రుతి పలుకుతుంది. ఇందులో సందేహానికి తావులేదు, మా ఇంట్లో ఎవరూ సందేహించరు కూడా.

తర్వాత మేళంలోవాళ్ళు ఒక్కొక్కరే ముసలివాళ్ళయ్యారు, కొందరు పోయారు. పిల్లలు ఫ్యాక్టరీలకి వెళ్ళారు. కంచు అంతా ఎవరో వచ్చి సోలో పట్నానికి పట్టుకుపోయారు. బోనాంగ్ కూర్చునే చెక్క చట్రం మాత్రం మిగిలింది. నులకమంచంలా అడ్డంగా తాళ్ళు కట్టిన చట్రం. దాన్ని ఎవరూ కొనలేదు. అమ్మమ్మ దాన్ని పెరట్లో పెట్టి, జల్లెళ్ళు పేర్చి అప్పడాలు ఎండబెట్టుకునేది.

తాత ఊరుకోలేదు. ముందు కీబోర్డు వచ్చింది. ఆ తర్వాత ఒక మేష్టారి దగ్గర పాతబడ్డ ల్యాప్‌టాప్ వచ్చింది. సోలోలో ఎవరో రాజుల కాలపు మేళం ఒకటి గిన్నె గిన్నెనీ విడివిడిగా కొట్టి శబ్దాలు పట్టారట, అవన్నీ అందులో పోసి ఇచ్చారు. తాత కీబోర్డు మీద వేలు వేస్తే ల్యాప్‌టాప్‌లోంచి బోనాంగ్ పలుకుతుంది, ఎడమ చేతి చివరి మెట్టు నొక్కితే జేగంట "గూ...ంం" అంటుంది. ఆ రోజు బస్సు దిగినప్పుడు ఆ పెట్టెని పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులమీదా ఎత్తుకొచ్చాడు.

"జేగంట ఇప్పుడు ఇందులో ఉంది," అని ప్రకటించాడు.

జేగంట ఎక్కడుంటే మర్యాదలు అక్కడికే పోతాయి. దాంతో ల్యాప్‌టాప్‌కి గురువారం పూలు, సాంబ్రాణి మొదలయ్యాయి. కూర్చోడానికి నాలుగు మడతల బాతిక్ బట్ట, అమ్మమ్మ పెళ్ళినాటిది. పక్కనుంచి దుమ్ము పడకుండా అదే బట్ట అంచులు పైకి తీసి చుట్టూ చెక్కేవాడు. తెర, మీటలు తప్ప ఇంకేం కనబడేవి కావు. మా పిల్లికి బ్రెంగోస్ అని పేరు, మీసాలు దానికి మగాళ్ళకంటే దిట్టంగా ఉంటాయి. ఆ పిల్లి వచ్చి ఆ మడతలమీద ముడుచుకుని పడుకునేది. తాత ఎవరినైనా కసురుకుంటాడు కానీ పిల్లిని కసరడు. "జేగంట దగ్గరికి చేరిందంటే దానికి పూర్వజన్మ వాసన ఉంది," అనేవాడు.

ఇక అమ్మమ్మ గురించి. ఆవిడ మేళంలో పాటగత్తె. మా వైపు పాటగత్తె తాళంతోపాటు రాకూడదు. జేగంట మోగాలి, ఆ మోత సద్దుమణగాలి, "వస్తుందా, రాదా" అని వినేవాళ్ళ మెడలు కాస్త ముందుకి సాగాలి, అప్పుడు గొంతు రావాలి. పెళ్ళికూతురు పందిట్లోకి అందరికంటే ముందొచ్చి కూర్చుంటే ఏం బాగుంటుంది? ఆ ఆగడం ఎంతసేపో ఎవరూ నేర్పలేరు. ఎక్కువైతే పాట విడిపోతుంది, తక్కువైతే ఉడకని అన్నం. అమ్మమ్మకి అది ఊపిరి తీసినంత తేలిక. ఏటా పంట ఇంటికొచ్చాక ఊరు శుభ్రం చేసి చేసుకునే పండగలో దేవి శ్రీకి, అంటే మా వరితల్లికి, తొలిపాట ఆవిడదే. వాళ్ళ గురువు ఇచ్చిన ఆకుపచ్చ సెలెందాంగ్ భుజాన వేసుకుని పాడుతుంది. ఆ ఉత్తరీయం తడిపి ఆరేసే పని నాక్కూడా ఇవ్వదు.

ఇప్పుడు అసలు సంగతి.

ల్యాప్‌టాప్‌లోంచి పటపటమనే చప్పుళ్ళు మొదలయ్యాయి. బోనాంగ్ మధ్యలో అప్పడాలు వేగినట్టు పట్, పట్, చిట్. తాత ఆ మేష్టారిని అడిగాడు. మేష్టారు ఇలా చెప్పారట: "యంత్రం శబ్దాన్ని ఒక గిన్నెలోకి తోడుకుని అక్కడినుంచి మనకి పోస్తుంది. గిన్నె చిన్నదైతే, తోడటంలో కాస్త తడబడినా గిన్నె వట్టిపోతుంది. అదే ఆ పట్‌మనడం. గిన్నె పెద్దది చెయ్యండి, ఆగిపోతుంది." ఎక్కడ మార్చాలో కూడా చూపించారు.

తాత ఉన్నవాటిలోకల్లా పెద్ద గిన్నె పెట్టాడు. పటపట ఆగింది. తాత జేగంటకి రెండు పూలు ఎక్కువ పెట్టాడు.

అయితే గిన్నె పెద్దదైతే నిండడానికి సేపు పడుతుంది కదా. మెట్టు నొక్కాక శబ్దం రావడానికి కాస్త ఆలస్యం. తాత చేతులు అరవై ఏళ్ళుగా వాయించిన చేతులు, వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు, అవే ఒక పిసరు ముందు పడటం నేర్చుకున్నాయి. ఆయనకి తేడా తెలియనే లేదు.

దీనిమీద ఇంకోటి వచ్చి పడింది. ఈ మధ్య పెళ్ళిళ్ళలో స్పీకర్లు ఇంటి ఎత్తున పేరుస్తున్నారు, పెంకులు అదురుతున్నాయి. ఆ హోరులో అమ్మమ్మకి తన గొంతు తనకే వినబడేది కాదు. ఇయర్‌ఫోన్లు పెడితే వాటి వైరు ఒకసారి ఆవిడ కొప్పుకి చుట్టుకుని, సగం పాటలో కొప్పు ఒక పక్కకి ఒరిగింది. నవ్వుకుంటూనే అయినా ఇంటికొచ్చాక కళ్ళు తుడుచుకుంది. తాత మర్నాడే బస్సెక్కాడు. సోలో వెళ్ళి వైర్లేని ఇయర్‌ఫోన్లు తెచ్చాడు, చెవిలో జీడిగింజల్లా ఇమిడిపోయేవి. చెప్పులు తెగితే తీగతో కుట్టుకునే మనిషి! మా కొట్లోనే కొనొచ్చుగా అంటే, "నీకు తెలిస్తే సాయంత్రానికి మీ అమ్మమ్మకి చెప్పేస్తావు" అన్నాడు. అది నిజమే.

అమ్మమ్మ వాటిని చెవుల్లో పెట్టుకుని అద్దంలో కొప్పు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మురిసిపోయింది. ఆ వారం తాతకి రెండు పూటలా వేయించిన సోయాగింజల టెంపే.

ఆ తర్వాతి పెళ్ళిలోనే జరిగింది ఆ అవమానం. ఆ మర్నాడు ఊరి పనులు చూసే బయాన్ తుకిమాన్ మా ఇంటికొచ్చాడు. మంచివాడే. అమ్మమ్మ టీ ఇస్తే పట్టుకుని చాలాసేపు కూర్చుని, చల్లారిపోయిన టీని ఊదుతున్నాడు.

"చెప్పు నాయనా. అంత వేడిగా ఏం లేదులే," అంది అమ్మమ్మ.

"అదే పిన్నీ... నిన్న పెళ్ళిలో... జేగంట మోగి, ఆడేవాళ్ళు రెండో అడుగు కూడా వేసేశాక మీ గొంతు వచ్చింది. ఒకసారి కాదు, పాట పొడుగునా. కుర్రాళ్ళు నవ్వారు."

"పాటగత్తె ఆలస్యంగానే రావాలయ్యా. మీ నాన్నని అడుగు," అన్నాడు తాత.

"ఆలస్యం వేరు పెద్దాయనా, బస్సు తప్పిపోవడం వేరు."

అమ్మమ్మ బయాన్ చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"ఈసారి పండగలో తొలిపాట రేష్తి చేత పాడిద్దామంటున్నారు పిన్నీ. మీరు విశ్రాంతి తీసుకోండి. పెద్దవాళ్ళయ్యారు."

"ఎవరంటున్నారు?"

"అందరూ."

"అందరూ అంటే ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉంటారులే. సరే, బుధవారం మండపంలో సాధన ఉందిగా? నన్ను కూడా పాడనియ్యి. అక్కడ కూడా బస్సు తప్పితే నా సెలెందాంగ్ నేనే తీసి ఆ పిల్ల భుజాన వేస్తా. ఆ తర్వాత స్నానాలగదిలో కూడా పాడను."

బయాన్ తలూపి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ స్నానాలగదిలో పాడకపోతే మా ఇల్లు ఎలా ఉంటుందో నాకు ఊహకందలేదు.

తాత చేసిన మొదటి పని, పానియెంని దిద్దడం. "ఏమే, నువ్వు కాస్త ముందు రా. యంత్రానికి లోపల గడియారం ఉంటుంది, అది తప్పదు. నీదే తేడా."

అమ్మమ్మ ముందు రావడానికి ప్రయత్నించింది. అరవై ఏళ్ళు ఆగి ఆగి వచ్చిన మనిషి తొందరపడితే ఎలా ఉంటుంది? తలుపు దగ్గర తోపులాటలో చెప్పు జారిన పెళ్ళికూతురిలా ఉంది. రెండుసార్లు పాడి ఆపేసింది.

"నా చెవి పోయిందయ్యా," అంది మెల్లగా. "జేగంట ఎక్కడ మోగుతోందో నాకు పట్టు చిక్కట్లేదు. నేను సరిగ్గా వచ్చాననే అనుకుంటున్నా. మీరేమో కాదంటున్నారు. చెవి పోతే ఇంక పాటేమిటి?"

ఏడవలేదు. వెళ్ళి సెలెందాంగ్ పెట్టెలోంచి తీసి, మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఇచ్చేటప్పుడు నీటుగా ఉండాలనుకుందేమో.

తాత ఆ మడతపెట్టడం చూశాడు. అప్పటికిగానీ ఆయనకి భయం పట్టుకోలేదు.

మరునాడు పొద్దున్నుంచీ ల్యాప్‌టాప్‌తో కుస్తీ. తీరా చూస్తే పటపట కూడా తిరిగొచ్చింది, అంత పెద్ద గిన్నె పెట్టినా. తాత తలపాగా పెట్టుకుని ఆపి తెరిచాడు. చార్జరు పీకి చూశాడు. చార్జరు పెట్టి చూశాడు. మైకు వైరు మార్చాడు. ఇంటర్నెట్టు ఆపమని నన్ను అరిచాడు. నేను ఆపేశానని చెప్పినా "ఇంకా ఆపు" అన్నాడు. పక్కింటివాళ్ళ కోడిపుంజు కూతవల్లేమోనని దాన్ని తోలొచ్చాడు. గురువారం కాకపోయినా సాంబ్రాణి వేశాడు. ఆ పొగకి నేను దగ్గాను, పిల్లి తుమ్మింది. ల్యాప్‌టాప్ మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు పట్, పట్, చిట్.

"నీకు కోపం ఎందుకొచ్చిందో చెప్పవే తల్లీ," అని దాన్ని బతిమాలుకున్నాడు.

"నాకెందుకొచ్చిందో అడగండి, అది తేలిక," అంది అమ్మమ్మ. పెసెల్‌కి, అంటే ఉడికిన ఆకుకూరల్లోకి, పచ్చడి చెయ్యాలని రోలు ముందేసుకుని వేయించిన వేరుశెనగపప్పు పోస్తోంది.

"నువ్వు ఆ చెవిది పెట్టుకో. శబ్దం వస్తోందో లేదో చెప్పు చాలు. నోటితో పాడక్కర్లేదు."

అమ్మమ్మ ఒక చెవిలో ఒక జీడిగింజ పెట్టుకుంది. ల్యాప్‌టాప్‌కి తగిలించిన మైకు నేలమీద రోలు పక్కనే పడి ఉంది. ఆవిడ రోకలి ఎత్తి దంచింది. ఆగింది. మళ్ళీ ఒకటి వేసింది. మళ్ళీ ఆగింది. తల ఒక పక్కకి వంచి ఇంకోటి వేసింది, ఈసారి మెల్లగా.

"వెనింగూ."

"ఏంటమ్మమ్మా?"

"ఈ రోలు రెండుసార్లు దంచుతోందే."

నేను నవ్వాను. "రోలు దంచదు అమ్మమ్మా, నువ్వు దంచుతావు."

"నోర్మూసుకుని ఇటు రా. నేను ఒక్కటేసి ఆపుతున్నా. ఈ ఉత్త చెవికి ఒక దెబ్బ. ఆ తర్వాత ఈ గింజ ఉన్న చెవికి ఇంకో దెబ్బ. చూడు."

గింజ తీసి నా చెవిలో పెట్టింది. రోకలి పడింది: దమ్. నేను కళ్ళార్పేలోగా చెవిలో మళ్ళీ: దమ్. ఎవరో ఎదురింట్లో కూర్చుని అమ్మమ్మని వెక్కిరిస్తున్నట్టు.

మా కొట్టుకొచ్చే ఆటల కుర్రాళ్ళ మాట అప్పుడు గుర్తొచ్చింది. వైరులేనివి కొనరు వాళ్ళు. "తుపాకీ పేలాక తీరిగ్గా చప్పుడొస్తుందక్కా, ఈలోపు మనం చచ్చిపోతాం" అంటారు. తాతకి చెప్పాను. శబ్దం ఆ గింజల్లోకి గాల్లో వెళ్ళాలి కదా, ల్యాప్‌టాప్ మూట కట్టి పంపితే అవి అక్కడ విప్పుకుంటాయి, ఆ కట్టడం విప్పడంలో సేపవుతుందని. అమ్మమ్మ చెవికి జేగంటే ఆలస్యంగా చేరుతోంది. దానికి సరిగ్గా ఎంత ఆగాలో అంతే ఆగి పాడుతోంది. వినేవాళ్ళకి మాత్రం జేగంట ముందే వెళ్ళిపోయింది.

"అంటే ఆవిడ చెవి..." అన్నాడు తాత.

"బంగారంలా ఉంది. బస్సే ఆలస్యం."

తాత గొంతు సవరించుకున్నాడు. "ఆ కొట్టువాడు చాలా మంచివని చెప్పాడు."

"ఎవరు కొన్నారో నేనడిగానా?" అంది అమ్మమ్మ. అడగలేదు. కానీ అలా అడగకపోవడం అడిగినదానికంటే గట్టిగా వినబడింది. అయినా ఆవిడ మొహంలో రెండ్రోజులుగా లేని వెలుగొచ్చింది. మిగతా పప్పు దంచిన దంపుడు వింటే ఆడేవాళ్ళు లేచి ఆడేవారు.

వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు వెతికి తెచ్చాను. మళ్ళీ రోకలి పరీక్ష. ఇప్పుడు రెండు దెబ్బలూ దగ్గరికొచ్చాయి కానీ ఇంకా అంటుకోలేదు. ఒక చెంప మీద కొట్టి రెండో చెంప మీద కొట్టినంత దూరం.

"అది నీ పెద్ద గిన్నె," అన్నాను.

తాత ఇష్టం లేకపోయినా చిన్న గిన్నె పెట్టాడు. దమ్. ఒక్కటే దెబ్బ! అమ్మమ్మ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు కూడా ఒక్కొక్కటే వినబడ్డాయని మళ్ళీ కొట్టింది. ఆ వెంటనే పట్, పట్, చిట్, పట. వంటింట్లో నూనె మూకుడు పెట్టినట్టే.

"చూశావా!" అన్నాడు తాత. తన శత్రువు తనకి సాయమొచ్చినట్టు సంబరపడ్డాడు. "చిన్న గిన్నెతో కుదరదు. ఈ తల్లికి ఎందుకో కోపంగా ఉంది."

అమ్మమ్మ ఆయన మాట వినడంలేదు. పిల్లిని చూస్తోంది. బ్రెంగోస్ ఎప్పటిలాగే బాతిక్ మడతలమీద, ల్యాప్‌టాప్‌కి వీపు ఆనించి పడుకుంది.

"ఈ పిల్లి ఎండాకాలం ఎక్కడ పడుకుంటుంది?" అంది.

"నూతి గట్టుమీద, చల్లగా ఉంటుందని," అన్నాను.

"వానాకాలం?"

"నీ పొయ్యి పక్కన."

"ఇప్పుడు వాన పడుతోంది. నా పొయ్యి వెలిగే ఉంది. అయినా అక్కడ పడుకుందేంటి?" లేచి వెళ్ళి బట్ట మడతలోకి చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఏమండోయ్! కుండలో అన్నం మగ్గబెట్టినట్టు మగ్గబెట్టారు దీన్ని. నెయ్యి పెడితే కరిగేట్టుంది."

నేను చూశాను. ల్యాప్‌టాప్ అడుగున, పక్కన గాలి పోయే చీలికలు ఉంటాయి. అన్నీ అమ్మమ్మ పెళ్ళి బట్టతో మూసుకుపోయి ఉన్నాయి. లోపల ఫ్యాను ఆయాసపడుతోంది. వేడెక్కితే అది తన పని నెమ్మది చేసుకుంటుంది, మధ్యాహ్నం ఎండలో కూలివాడు చెట్టుకింద ఆగినట్టు. అది ఆగిన ప్రతిసారీ గిన్నె వట్టిపోయి పట్‌మంటోంది. కోపం కాదు, ఉక్కపోత. పటపట మధ్యాహ్నాలే ఎక్కువగా ఎందుకుంటోందో కూడా తెలిసింది.

"బట్ట తీసెయ్యి తాతా."

"తీసి?"

"ఉత్త బల్ల మీద పెట్టు. వెనక రెండు చెక్కముక్కలు పెడితే ఎత్తుగా ఉంటుంది."

తాత నన్ను చూసిన చూపు ఇప్పుడు కూడా గుర్తుంది. జేగంటని రోడ్డుమీద పడుకోబెట్టమన్నట్టు చూశాడు. "చెక్కముక్కలు! మా నాన్న ఉంటే నీ చెవి మెలిపెట్టేవాడు. మర్యాద లేని చోట అది మోగదు."

"ఉడికిపోయే చోట మాత్రం మోగుతోందా?"

"నోరు చూడు దీనికి. బడి మాన్పించడం తప్పయింది."

"మాన్పించింది నువ్వు కాదు, నేనే మానేశా."

ఇద్దరం ఇలా కీచులాడుకుంటుంటే అమ్మమ్మ గొడుగేసుకుని పెరట్లోకి వెళ్ళింది. చూరు కింద ఉన్న బోనాంగ్ చట్రాన్ని ఈడ్చుకొచ్చి గుమ్మంలో పెట్టింది. అప్పడాల పొడి దులిపింది, తడిగుడ్డతో చెక్కంతా తుడిచింది. తాళ్ళు లాగి చూసింది, బిగుతుగానే ఉన్నాయి.

"వాయిద్యం కూర్చునే చోటేనా ఇది?"

తాత చట్రం కేసి చూశాడు.

"మీ నాన్న కూర్చోబెట్టిన చోటేనా?"

"అవును," అన్నాడు తాత.

"గిన్నెలకి కింద గాలి ఆడకపోతే మోగవనేగా తాళ్ళ మీద పెట్టేది? దీనికీ అంతే. కూర్చోబెట్టండి."

తాత చట్రం ముందు కూర్చుని అంచున ఉన్న చెక్కపువ్వుల మీద వేలు తిప్పాడు. చిన్నప్పుడు ఆయన పంటిగాటు ఒకటి ఉందట అక్కడ, వెతికి చూపించాడు. తర్వాత బాతిక్ మడతల్లోంచి ల్యాప్‌టాప్‌ని తీసి తాళ్ళ మీద పెట్టాడు. మధ్యలో, పెద్ద కంచుగిన్నె ఉండే చోట. పిల్లి లేచి, వాసన చూసి, చిరాగ్గా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కాసేపు చల్లారనిచ్చాం. యంత్రంలో చిన్న గిన్నె అలాగే ఉంచి తాత వాయించడం మొదలుపెట్టాడు. మొదట చేతులు అలవాటుకొద్దీ ముందు పడ్డాయి, మేళం పరిగెత్తింది. తనలో తను తిట్టుకుని, నెమ్మదించి, మళ్ళీ మొదలుపెట్టాడు.

అమ్మమ్మ అక్కడ రోటి ముందే కూర్చుని రెండు చరణాలు పాడింది. ఒక్క పట్ లేదు. పాట ఆగాక ఎవరం ఏమీ అనలేదు. పెసెల్‌లో ఉప్పు ఎక్కువైంది, అది కూడా ఎవరం అనలేదు.

బుధవారం సాయంత్రం మండపానికి తాత ఆ చట్రాన్ని భుజాన మోసుకొచ్చాడు. నేను ల్యాప్‌టాప్ పట్టుకున్నా, రెండు చేతులతోనే, లేకపోతే ఊరుకోడు.

"ఏంటి పెద్దాయనా, మంచం తెచ్చారు? మధ్యలో పడుకుంటారా?" అన్నారెవరో.

"నేను కాదు, మా జేగంట," అన్నాడు తాత గంభీరంగా.

అమ్మమ్మ కొప్పు పెట్టుకుని కూర్చుంటే తాత వెనక చేరాడు. తలపిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, ఇయర్‌ఫోన్ వైరుని చెవి వెనకనుంచి కొప్పు మడతల్లోకి పోనిచ్చి, మెడ మీదుగా జాకెట్టులోకి దించి, పైన మల్లెదండ చుట్టాడు. వైరు ఉందని ఎవరూ చెప్పలేరు. బోనాంగ్ తాళ్ళు కట్టిన వేళ్ళు కదా.

"గట్టిగా లాగకండి."

"ఊ."

"పిన్నులు మింగేస్తారు."

"ఊ."

రేష్తి ఒక పక్కన కూర్చుంది. మంచి పిల్ల, గొంతు కూడా బాగుంటుంది. వేళ్ళు నలుపుకుంటూ అమ్మమ్మ భుజాన ఉన్న ఆకుపచ్చ సెలెందాంగ్ కేసి చూస్తోంది. బయాన్ స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆడేవాళ్ళు నిలబడ్డారు.

తాత వాయించాడు. బోనాంగ్ నడిచింది, నడిచి నడిచి మలుపు దగ్గరికొచ్చింది. జేగంట మోగింది: గూ...ంం.

అమ్మమ్మ పాడలేదు.

బయాన్ కాలు ఊపడం ఆపాడు. ఆడేవాళ్ళ అడుగులు సగం లేచి ఉన్నాయి. తాత మెడ అమ్మమ్మ వైపు తిరిగింది, నోరు కొంచెం తెరుచుకుంది. "రా" అనేస్తాడేమోనని నేను గుప్పిళ్ళు బిగించాను. అనలేదు. జేగంట మోత సన్నబడి, సన్నబడి, ఇక పోబోతుండగా దాని తోకని పట్టుకుని అమ్మమ్మ గొంతు లేచింది. మడిలోకి నీళ్ళు వదిలినట్టు వచ్చింది. లేచిన అడుగులు ఆ నీళ్ళలోనే దిగాయి, అన్నీ ఒక్కసారి.

పాట చివరిదాకా ఎవరూ నవ్వలేదు. వెనక ఒక ముసలాయన "అదీ" అన్నాడు, అంతే.

అయిపోయాక బయాన్ దగ్గరికొచ్చి చెవి గోక్కున్నాడు. "ఇప్పుడు కూడా ఆలస్యంగానే వచ్చారుగా పిన్నీ?"

"వచ్చాను. ఈ ఆలస్యం నాది. పెళ్ళిలోది ఈయనది."

అందరూ తాతని చూశారు. నేను కూడా చూశాను, ఎప్పటిలా విననట్టు ఉంటాడని.

"అవును, నాదే," అన్నాడు తాత. "ఆవిడ చెవికి ఏమీ కాలేదు. నేను తెచ్చిన సామానుది తప్పు. రాసుకోవాలంటే నా పేరే రాసుకో."

"రాసుకోడానికేముందిలెండి," అన్నాడు బయాన్ నవ్వుతూ. "తొలిపాట పిన్నిదే. రేష్తీ, నువ్వు రెండోది పాడమ్మా." రేష్తి గట్టిగా ఊపిరి వదిలి, వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, అంతసేపు ఎలా ఆగుతారని అడిగింది. "ఆగడంలేదే, వింటున్నా," అంది అమ్మమ్మ.

ఇంటికొచ్చాక సెలెందాంగ్ పెట్టెలోకి వెళ్ళలేదు, కొక్కేనికి వేలాడింది. పండగ దగ్గరికొచ్చింది కదా. పెళ్ళినాటి బాతిక్ బట్టని అమ్మమ్మ ఉతికి తన పెట్టెలో పెట్టుకుంది, తాత ఎదురు చెప్పలేదు. జీడిగింజలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. పాటలు వినడానికి బాగానే ఉన్నాయి, పాడడానికే కాదు.

మండపంనుంచి వచ్చిన ఆ రాత్రి అమ్మమ్మ పీట మీద కూర్చుంటే తాత కొప్పులోంచి వైరు తియ్యడానికి వెనక నిలబడ్డాడు. చెయ్యి వెయ్యబోయి ఆగాడు. ఏమనుకున్నాడో, రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, కాస్త ఇబ్బంది పెడుతున్నా," అన్నాడు.

అమ్మమ్మ వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"తలపాగా ఏదీ?" అంది.